లోపలికి ఒక్కరే

మత్తు ఎక్కేదాకా పాప పక్కన ఉండడానికి తల్లో తండ్రో ఒక్కరే రావాలి అంది నర్సు, తల్లి అప్పటికే చెప్పులు విడిచేసి, కొంగు నడుముకి బిగించి, నీలం టోపీ కోసం చెయ్యి కూడా చాచేసింది, పాప మాత్రం తలైనా తిప్పకుండా, నాన్న, అంది. కాస్త ఆలోచించి చెప్పినా బాగుండేది. అమ్మ వంకొకసారి, నాన్న వంకొకసారి చూసి, అటూ ఇటూ తేల్చుకోలేనట్టు పెదవి కొరుక్కుని చెప్పినా ఆమె ప్రాణానికి హాయిగా ఉండేది. పిల్ల ఆలోచించనే లేదు, దాహమేస్తే నీళ్ళు అన్నట్టు అంది. చాచిన చేతిని ఊరికే వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసి, ఆమె ఆ చేత్తోనే మొగుడి చొక్కా కాలరు సర్దింది, అతను జేబులోని ఫోనూ చేతికున్న గడియారమూ తీసి ఆమెకిచ్చాడు, టోపీ పెట్టుకున్నాడు, కాళ్ళకి సంచుల్లాంటివేవో తొడుక్కున్నాడు, వీపు వైపు ముడులున్న ఆసుపత్రి గౌనులో గాలికి ఊగుతున్న పిల్లని చంకనేసుకుని, "ఏం పిట్టా, లోపల వాళ్ళకెన్ని లైట్లున్నాయో చూసొద్దామా?" అంటూ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. రెండు రెక్కల తలుపు. అటు ఊగింది, ఇటు ఊగింది, ఇంకాస్త ఊగి, ఆగిపోయింది. "మీరు కూర్చోండమ్మా, పాప పడుకోగానే ఆయన్ని పంపించేస్తాం," అంది నర్సు.

కూర్చుంది. గోడ పొడుగునా ఇనప కుర్చీలు, ఆ చివర మామగారు, మధ్య కుర్చీలో విప్పేసిన పాప గౌను, బూట్లు, ఆమె సంచి. టాన్సిల్స్ తీసెయ్యడమే, రోజూ చేసే పనే అన్నాడు డాక్టరు, అవి వాచి గొంతుకి అడ్డం పడుతున్నాయి కాబట్టి పిల్ల గురక పెడుతోంది, నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగుతోంది అన్నాడు, ఆ ఆగడం గురించి ఆమెకి ఒకరు చెప్పాలా, ఏడాదిగా ఆమె నిద్రంతా ఆ ఆగిన చోటే గడిచింది, గుర్రు, గుర్రు, గుర్రు, తర్వాత ఏమీ ఉండదు, ఆ ఏమీ లేకపోవడంలోకి ఆమె ఒక్కతే జారుతూ జారుతూ, అయిపోయింది, ఇదే అయిపోవడం, అనుకుంటూ ఉండగా ఒక్క ఎగపీల్పుతో పిల్ల మళ్ళీ ఒడ్డుకొచ్చేది. పక్కన మొగుడు గోడవైపు తిరిగి కదలకుండా పడుకుని ఉండేవాడు. మనిషికి అంత నిద్ర ఎలా పడుతుందా అని ఆమెకి కోపం వచ్చేది, కోపంతో పాటు కాస్త ఊరట కూడా, ఇంట్లో ఒక్కరైనా భయపడని వాళ్ళున్నారు కదా అని.

భయపడడం ఆమెకి పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంలో చేరాక ముదిరిందో చెప్పడం కష్టం. మందుల కంపెనీలో ప్యాకింగు పని. సీసాతో పాటు డబ్బాలో పెట్టే పల్చటి కాగితం ఉంటుంది చూడండి, దాన్ని మడిచి మడిచి అగ్గిపెట్టంత చెయ్యాలి. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయినా అక్షరం కనపడితే చదవకుండా ఉండలేని జబ్బు ఒకటుంది ఆమెకి, చీమకాళ్ళలాంటి ఆ అక్షరాలన్నీ మడతపెడుతూనే చదివేసేది, వాంతులు, తల తిరగడం, ఒంటి మీద దద్దుర్లు, చివర్లో ఎప్పుడూ ఒక మాట, అరుదుగా. అరుదుగా గుండె లయ తప్పవచ్చు. అరుదుగా శ్వాస అందకపోవచ్చు. మిగతా ఆడవాళ్ళకి ఆ మాట ధైర్యం చెప్పేదట, లక్షమందిలో ఒకరికే కదా అని, ఆమెకేమో ఆ ఒకరు ఎవరో ముందే తెలిసిపోయినట్టు ఒళ్ళు చల్లబడేది. "నీకు దగ్గొస్తే క్షయ, తుమ్మొస్తే ఇంకోటి, నువ్వు మందు తయారు చేసేవాళ్ళ పొట్ట కొడతావే," అని ఎగతాళి చేసేది పక్క బల్ల మీద పనిచేసే లావుపాటావిడ. నవ్వేది ఆమె కూడా. నవ్వుతూనే ఆ కాగితం ఇంకోసారి చదివేది. ఇప్పుడు లోపల పిల్ల చేతికెక్కించే మందుకీ ఒక కాగితం ఉంటుంది, ఎక్కడో ఒకావిడ దాన్ని మడిచే ఉంటుంది, దాని చివర కూడా ఆ మాట ఉండే ఉంటుంది.

ఊడ్చే ఆయా తడిగుడ్డ కర్రతో వరండా ఆ చివర నుంచి ఈ చివరకి వస్తోంది, ఆవిడ వెనకే నేలంతా నీళ్ళ మెరుపు, ఆ మెరుపులో పైకప్పు దీపాలు ఒకదాని వెనక ఒకటి మునిగి వణుకుతున్నాయి, మనుషులు వాటి మీద నడుస్తుంటే నీళ్ళ మీద నడుస్తున్నట్టే ఉంది, ఇనప కుర్చీల వరస మెల్లిగా ఒడ్డు వదిలి కదులుతున్నట్టుంది. గోడ అవతల ఏదో యంత్రం టకటకటక అని ఆగి, మళ్ళీ టకటకటక అంటోంది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. అది చిన్నప్పుడు ఆమె నాన్న తొక్కిన కుట్టుమిషను. ఇంటి ముందుగదే నాన్న కొట్టు, కిటికీ పక్కన మిషను, మిషను పక్కన కత్తిరించిన ముక్కల కుప్ప, ఆ కుప్పలో కాళ్ళు ముడుచుకుని ఆమె. నాన్న నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి, పెదాల మధ్య వరసగా, చేప ముళ్ళలాగ. ఆయన జవాబు చెప్పాలని నోరు తెరిస్తే ఏ సూదో గొంతులోకి జారిపోతుందని ఆమెకి భయం. అందుకని నాన్నని తల ఊపితే సరిపోయే ప్రశ్నలే అడిగేది. "నాన్నా, అన్నం తింటావా?" ఊఁ. "నాన్నా, ఈ ముక్క నేను తీసుకోనా?" ఊఁ. ఎందుకు, ఎలా, ఎప్పుడు అనేవన్నీ మూటకట్టుకుని అమ్మ దగ్గరికి పట్టుకెళ్ళేది, అమ్మ ఆ మూటని మూటలాగే పక్కన పెట్టేసేది. పెద్దయ్యాక తెలిసింది, మిగతా పిల్లల నాన్నల నోట్లో సూదులుండవని. సూదుల్లేకపోయినా వాళ్ళూ మాట్లాడరని.

నాన్న ఊళ్ళో అందరి కొలతలూ తీసేవాడు, ఆమెకి మాత్రం ఎప్పుడూ టేపు పెట్టలేదు, అమ్మ తియ్యాల్సిందే. కొత్త గౌను తొడిగి కిటికీ వెలుగులో నిలబెడితే, నోట్లోంచి సూదులన్నీ తీసి అరచేతిలో పోసుకుని, "తిరుగు," అనేవాడు. తిరిగేది. "ఊఁ, చాలు." ఏడాదికి ఒకటో రెండో సార్లు తండ్రీ కూతుళ్ళ సంభాషణ అది. కానీ ఆ గౌను అంచు లోపల ఎంత మడత వదిలేవాడో, బట్ట ఎంత ఖరీదైనా సరే, జానెడు బట్ట లోపలికి తిప్పి కుట్టేసేవాడు. "పిల్ల ఎదుగుతుందిగా," అనేవాడు అమ్మతో. ఏటేటా అందులోంచి కాస్త విప్పేవాడు, పాత మడత ఉన్నచోట గీత మిగిలిపోయేది, నీళ్ళు తగ్గాక గోడ మీద మిగిలే చారలాగ. ఎదుగుతుందిగా. అంత నమ్మకంగా, అంత మామూలుగా ఎలా అనగలిగాడో ఆ మనిషి. ఆమె తన పిల్ల గురించి ఒక్కనాడైనా అలా అనుకుందా? పక్కనున్న పాప గౌను తీసి అంచు వేళ్ళ మధ్య తడిమింది. కొన్న గౌను, గోరంత మడత, విప్పడానికేం లేదు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ తీసి సంచిలో పెట్టింది, సంచిలో పెడితే ఏదో అశుభంలా తోచి మళ్ళీ బయటికి తీసింది.

తలుపు కదల్లేదు. "ఇంకా రాలేదేమిటి మామయ్యా?" అంది.

"వస్తాడులే అమ్మాయ్. పిల్ల పడుకోవద్దూ."

మామగారు నిటారుగా కూర్చుని ఉన్నారు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫొటో తీయించుకునే వాడిలా. ఆమె ఆయన వైపు చూసి, ఏదో వింతగా ఉందే అనుకుంది, ఏమిటో తెలియలేదు, మళ్ళీ చూసింది, అప్పుడు తెలిసింది, ఆయన మేలుకుని ఉన్నారు. పొద్దుటి పూట, ఎండ ఇంతెక్కాక, ఆయన కళ్ళు తెరుచుకుని ఉండగా ఆమె చూడనే లేదు. బేకరీలో రొట్టెలు కాల్చిన మనిషి. ఊరు పడుకోబోయేటప్పుడు పనిలోకి వెళ్ళి, ఊరు లేచి మొహం కడుక్కునేటప్పుడు ఇంటికొచ్చి, పొద్దంతా పడుకుని జీవితమంతా గడిపారు, పని మానేసి ఇన్నేళ్ళైనా ఆ ఒళ్ళు మాట వినదు, కాఫీ తాగుతూ తాగుతూనే కునుకుపడి గ్లాసు ఒంపేస్తారు. అత్తగారు బతికున్నప్పుడు అనేవారు, "ఈయన నాకు కట్టింది తాళి కాదే, దోమతెర," అని. ఆ ఇంట్లో పగలే రాత్రి. గిన్నె కింద పెట్టాలంటే కింద గుడ్డ వెయ్యాలి. తలుపు గడియకి నూనె, కుర్చీ కాళ్ళకి పాత సాక్సులు. మాటలు సగం సైగలు, సగం గుసగుసలు. బళ్ళో టీచరు "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అనడిగితే ఆమె మొగుడు, అప్పుడు అంతెత్తు పిల్లాడు, లేచి నిలబడి చేతులు కట్టుకుని, "పడుకుంటారండీ," అన్నాడట. క్లాసంతా నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక ఇంకాస్త గట్టిగా చెప్పాడట.

బడికి వెళ్ళే దారిలో మలుపు దగ్గర ఎదురయ్యేవారట తండ్రీ కొడుకులు, ఈయన ఇంటికొస్తూ, అతను బడికి పోతూ. కనుబొమల నిండా పిండి, చొక్కా నిండా పొయ్యి వాసన. ఆగి, సంచి మూత ఎత్తి, ఒక బన్ను లోపల పడేసి, మూత మూసి, వెళ్ళిపోయేవారు. ఏరా అని లేదు, బాగా చదువుకో అని లేదు. పుస్తకాల మధ్యనుంచి వీపుకి వెచ్చగా తగిలేదట కాసేపు. పెళ్ళైన కొత్తలో ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు మొగుడు, కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఏడుపు సంగతి కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆ ఇంట్లో ఏడవకూడదు కదా. "ఏడవాలంటే వీధి చివరకి పోయి ఏడ్చి రా, మీ నాన్న లేస్తారు," అనేవారట అత్తగారు, మాటవరసకి అన్న మాట అది, తల్లులు సవాలక్ష అంటారు, కానీ అతను నిజంగానే వెళ్ళేవాడట, మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నా పెదాలు బిగబట్టుకుని వీధి చివర దాకా నడిచి, కరెంటు స్తంభానికి నుదురు ఆనించి ఏడవాల్సినంత ఏడ్చి, చొక్కాతో మొహం తుడుచుకుని, ఇంటికొచ్చేవాడట. ఆ స్తంభం ఎదురింటి ముసలావిడ కొన్నాళ్ళు చూసి, "ఏం బాబూ, మా స్తంభానికి ఇవాళ్టి నీళ్ళు పోశావా?" అనేదట. ఆమె కూడా నవ్వింది అప్పుడు. కళ్ళనీళ్ళొచ్చేంత నవ్వింది.

అలాంటి ఇంట్లోంచి ఇలాంటి మనిషి ఎలా వచ్చాడో. లిఫ్టులు బాగుచేస్తాడు, చీకటి గోతుల్లో తాడు పట్టుకుని వేలాడుతూ బోల్టులు బిగిస్తాడు, ఇరుక్కుపోయిన వాళ్ళతో పైనుంచి కబుర్లు చెప్తాడు, భయపడకండి, ఇంకో రెండు తిప్పులే అని. పాప పుట్టాక ఆ చేతులే పిల్లకి తలంటు పోశాయి, కళ్ళల్లో నురగ పడకుండా నుదుటి మీద అరచేతితో చూరు కట్టి మరీ. తలుపు గడియ చప్పుడు కాకుండా తియ్యడం, నేల మీద అడుగు వినపడకుండా వెయ్యడం చిన్నప్పుడు నేర్చిన విద్య, నాన్న లేవకుండా ఉండడానికి నేర్చింది, నిద్రపోయే పిల్లని మంచం మీదికి దించడానికి పనికొచ్చింది. ఆమె దించితే మంచం తగలగానే పిల్ల లేచేది. పిల్లని జోకొట్టడానికి లిఫ్టు పాట ఒకటి కట్టాడు, కింద అంతస్తు కాలివేళ్ళు, మొదటి అంతస్తు మోకాళ్ళు, రెండో అంతస్తు బొజ్జమ్మ, అలా వేలితో ఒక్కో అంతస్తే ఎక్కుతూ, కళ్ళ దగ్గరికొచ్చేసరికి తలుపులు మూసుకుంటాయి. రాగం లేదు, తాళం లేదు. పిల్ల ఆ పాట లేనిదే పడుకోదు.

"మగాడిచేత ముడ్డి కడిగించే రోజులొచ్చాయన్నమాట," అన్నారు అత్తగారు మొదట్లో, ఆమె వంక చూస్తూ. "నువ్వు మగాడి ముడ్డి కడగలేదా అమ్మా, ఇదిగో ఇదే," అన్నాడు మొగుడు. ఆవిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. మామగారు నవ్వలేదు. కొడుకు పిల్లకి గుడ్డలు మారుస్తుంటే ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేవారు, కోపంగా కాదు, ఎవరో స్నానం చేస్తుంటే తల తిప్పుకుని పోయినట్టు. ఒకరోజు మాత్రం గుమ్మంలో ఆగి, చాలాసేపు చూసి, ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు, "వాడికివన్నీ ఎవరు నేర్పారమ్మాయ్?" అని. ఏం చెప్తుంది. ఎవరూ నేర్పలేదు మామయ్యా అంటే ఆయన్ని అన్నట్టుంటుంది. నేను నేర్పాను అంటే అబద్ధం. "ఏమో మామయ్యా," అంది. ఆయన తలూపి వెళ్ళి పడుకున్నారు, ఆవేళ నిద్ర పట్టినట్టు లేదు.

మీరు అదృష్టవంతులండీ అంటారు అందరూ. లావుపాటావిడైతే, "మా ఆయనకి పిల్లలు ఏ క్లాసో చెప్పాలంటే యూనిఫారం చూడాలి," అంటుంది. అదృష్టమే, ఎవరు కాదన్నారు. కానీ పిల్ల పడి మోకాలు కొట్టుకుంటే, గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డ తల్లి పక్కనుంచి గాలిలా దూసుకుపోయి లోపలున్న తండ్రి మెడకి చుట్టుకుంటే, ఆ చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో అదృష్టం చెప్పదు. మోసింది ఆమె. కన్నది ఆమె. రాత్రిళ్ళు ఊపిరి లెక్కపెట్టింది ఆమె. అయితేనేం, ఎత్తుకుంటే పిల్ల చెవికి ఆమె గుండె తగులుతుంది, ఆ గుండె ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటుంది, తరిమేవాళ్ళున్న ఇంట్లో ఎవరు మాత్రం తలదాచుకుంటారు. అందుకే నాన్న అంది. తప్పేముంది. లోపల ఆ తెల్లటి దీపాల కింద భయం లేని మొహం ఒకటి కనపడాలి పిల్లకి. మంచిదే. ఆ మొహం తనది కాదు, అంతే.

తలుపు తీసుకుని ఎవరో వచ్చారు, ఆమె లేచింది, కాదు, వేరే ఎవరో ట్రే పట్టుకుని. "పాప తండ్రి ఇంకా లోపలే ఉన్నాడా అండీ?" "లేరే, పాప పడుకోగానే పంపించేశారుగా," అని ఆగకుండా వెళ్ళిపోయింది ఆ అమ్మాయి. పంపించేశారు. మరి ఎటు పంపించారు? ఈ తలుపు కదల్లేదు, రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంది. ఆమె మెదడులో కాగితం మడతలు విప్పుకుంటోంది. లోపల ఏదో జరిగింది. జరిగింది కాబట్టే అతన్ని ఏ పెద్ద డాక్టరు గదిలోనో కూర్చోబెట్టి చెప్తున్నారు, ముందు మగవాళ్ళకి చెప్తారు, తర్వాత ఇద్దరు నర్సుల్ని తోడిచ్చి ఆడవాళ్ళ దగ్గరికి పంపిస్తారు. ఫోను చెయ్యాలి. అతని ఫోను ఆమె సంచిలోనే ఉంది. వెళ్ళి వెతకాలి, వెతకడానికి వెళ్తే ఇక్కడ పిలుస్తారు, పాప వాళ్ళెవరు అని ఒకసారి పిలిచి ఎవరూ లేరని వెళ్ళిపోతారు. లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచింది. "మామయ్యా, ఏదో అయింది. నా మనసు చెప్తోంది."

"నీ మనసు రోజూ చెప్తుందిలే," అన్నారు మామగారు, కానీ గొంతులో ఎప్పటి బింకం లేదు. ఆయనా తలుపు వంకే చూస్తున్నారు. "ఏ బాత్రూంకో వెళ్ళుంటాడు."

తడిగుడ్డ కర్ర వాళ్ళ కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. "కాళ్ళెత్తండమ్మా," అంది ఆయా. ఎత్తింది. కుర్చీ కింద నుంచి నీళ్ళ మెరుపు అవతలికి పాకింది. "నీలం టోపీ ఆయన కోసమా మీరు చూస్తోంది? అదిగో, ఆ మెట్ల మీద కూర్చున్నాడు. ఎంతసేపని, జరగడు, పలకడు. తుడుచుకోవాలి బాబూ అంటే, పక్క మెట్టు తుడుచుకోండి అంటాడు. నాకు మెట్లు తక్కువయ్యాయా?"

ఆపరేషను గదికి వెనక, మెట్లవైపు, ఇంకో తలుపు ఉంది. అటునుంచి వచ్చేశాడన్నమాట. ఆమెకి ఒక్కసారి ఏదో గుర్తొచ్చి ఒళ్ళంతా నిదానించింది. వీధి చివరకి వెళ్ళాడు. ఇన్నేళ్ళ మనిషి, బిడ్డ తండ్రి, పెళ్ళాం కూర్చున్న ఇనప కుర్చీల ముందు నుంచి రాకుండా, వెనక తలుపులోంచి వీధి చివరకి వెళ్ళాడు.

ఆమె కదిలేలోపే మామగారు లేచారు. మోకాళ్ళ మీద చేతులాన్చి, ఊఁ అని లేచి, "నువ్వుండమ్మాయ్, పిలుస్తారు," అని నడిచారు. ఆమె ఉండలేకపోయింది. వరండా మలుపులో ఉన్న మెట్ల తలుపు దాకా వెళ్ళి, దాన్ని భుజంతో ఆపి, ఒక కాలు వరండాలో, ఒక కాలు మెట్లవైపు పెట్టి నిలబడింది, ఇక్కణ్ణుంచి ఆపరేషను గది తలుపూ మెట్లూ రెండూ కనపడుతున్నాయి.

మెట్ల మలుపులో కిటికీ వెలుగు పడి ఉంది. టోపీ ఇంకా తల మీదే ఉంది, కాళ్ళకి సంచులు కూడా. మోచేతులు మోకాళ్ళ మీద, మొహం చేతుల్లో. చప్పుడు లేదు. వీపు మాత్రం కదులుతోంది.

"ఏరా," అన్నారు మామగారు.

అతను ఉలిక్కిపడి మోచేత్తో మొహం తుడిచేసుకున్నాడు. "ఏం లేదు నాన్నా. లోపల గాలాడక ఇటొచ్చాను. మీరెందుకు లేచారు, వెళ్ళి కూర్చోండి."

"ఊఁ." కమ్మీ పట్టుకుని, ఒక్కో మోకాలే వంచి, ఆయన కొడుకు పక్కన మెట్టు మీద కూలబడ్డారు. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడని చూశారు. ఆ గోడ మీద ఏముందో ఆమెకి కనపడలేదు.

"పాట పాడుతున్నాను," అన్నాడు అతను గోడతో. "బొజ్జ దాకా వచ్చాను. నా వేలు పట్టుకుని ఉంది కదా, పట్టుకున్నది పట్టుకున్నట్టే వదిలేసింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి నాన్నా. నా వంకే చూస్తున్నట్టున్నాయి, చూడట్లేదు. మీరిక వెళ్ళండి అన్నారు. వెళ్ళండంటే వచ్చేశాను. దాన్నలా వదిలేసి..."

"మత్తురా అది."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

"తెలుసు నాన్నా. రాత్రిళ్ళు దానికి ఊపిరాగినప్పుడల్లా కూడా తెలుసు, మళ్ళీ తీసుకుంటుందని. గోడవైపు తిరిగి వింటూ పడుకునేవాణ్ణి. ఇటు తిరిగితే తను చూస్తుంది, నేను కూడా భయపడుతున్నానని తెలిస్తే తను ఇక బతకదు." పెదాలు లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, పసిపిల్లాడు మింగినట్టు ఏడుపు మింగుతున్నాడు. ఆ మింగడంలో ఎంత నేర్పుందో. గోడవైపు తిరిగిన ఆ వీపు పక్కన ఏడాదిగా ఒంటరిగా మేలుకున్నాననే అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ.

మామగారి చెయ్యి లేచింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాలిలోనే ఉండిపోయింది, తల మీదికి వెళ్ళబోయి టోపీ చూసి ఆగింది, భుజం మీదికి వెళ్ళబోయి ఆగింది. ఆ చేతికి తెలిసిన పని ఒక్కటే. అరచేతి మడమతో కొడుకు వీపు మీద నొక్కి ముందుకి తోశారు, వెనక్కి లాగారు, మళ్ళీ నొక్కి తోశారు, పిండి ముద్దని తోసినట్టు, బలంగా, నింపాదిగా, తొందరేం లేనట్టు. ఆ తోపుకి అతను ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు.

"ఏడువురా," అన్నారు మామగారు. "ఏం కాదు. ఇక్కడెవరూ పడుకోలేదు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఎప్పటిదో, ఎన్ని మోకాళ్ళదో, బొంగురుగా, వికారంగా, నోరంతా తెరుచుకుని వచ్చింది, మెట్ల గోడలకి తగిలి పై అంతస్తు దాకా వెళ్ళింది. పైనుంచి ఎవరో కమ్మీ మీదుగా తొంగి చూశారు. మామగారు తలెత్తి చూసి, మళ్ళీ తన పనిలో పడ్డారు. ఆయన కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమెకి పరిగెత్తి వెళ్ళి ఇద్దరి మధ్యా కూర్చోవాలనిపించింది, అంతలోనే ఆ మెట్టు మీద మూడో మనిషికి చోటు లేదని అర్థమైంది, పిల్ల, నాన్న, అన్నప్పుడు కలుక్కుమన్న చోట ఇప్పుడేమీ నొప్పి లేదు, అక్కడ చెయ్యి పెట్టి చూసుకుంటే గుండె, ఆశ్చర్యం, నడుస్తోంది. పరిగెత్తడం లేదు.

"పాప వాళ్ళెవరండీ?"

వరండాలో నర్సు. ఆమెకి ఆ మాటలు నీళ్ళ అడుగు నుంచి వినిపించాయి. "బాగా జరిగింది. కళ్ళు తెరిచింది. గొంతు నొప్పి ఉంటుంది కాబట్టి ఎక్కువ మాట్లాడనివ్వకండి. ఎవరొస్తారు? ఒక్కరే రావాలి." మెట్ల మీద అతను టోపీ లాగేసి, ముక్కు ఎగబీలుస్తూ, తడబడుతూ లేవబోయాడు. పిల్ల తన కోసమే చూస్తుందని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. "మీరు కూర్చోండి," అంది ఆమె. "నేను వెళ్తాను." అతను ఆమె మొహంలోకి భయంగా చూశాడు, అక్కడ ఏం కనపడిందో, మళ్ళీ కూర్చున్నాడు. తండ్రి చెయ్యి వీపు మీదే ఉంది.

తలుపు ఆమె వెనక ఊగింది. లోపల చల్లగా ఉంది. తెరల మధ్య పెద్ద మంచం, దాని మధ్యలో ఇంత పిల్ల, పెదాల పక్కన ఎర్రటి చార, చేతికి గొట్టం. ఇంకెప్పుడైనా అయితే ఆ చార చూడగానే ఆమె ప్రాణం సగం పోయేది. వంగి, చార తుడిచి, నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది, ఎక్కడా గురక లేదు, ఎక్కడా ఆగడం లేదు, ఎంత శుభ్రమైన ఊపిరో. రెప్పలు బరువుగా విడ్డాయి. పాప ఆమెను చూసింది, ఆమె వెనక చూసింది, తలుపు దాకా చూసింది. పెదాలు కదిలాయి, గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది.

"నాన్న ఏడీ?"

"వాళ్ళ నాన్న దగ్గరున్నాడమ్మా," అంది ఆమె.

పాప ఆ సంగతి కాసేపు ఆలోచించింది. ఎవరైనా ఉండదగిన చోటే కదా అన్నట్టు తలాడించింది. తర్వాత గొట్టం లేని చేతిని దుప్పటి మీద తడుముకుంటూ తెచ్చి, దొరికిన వేలిని, అది అమ్మదే, పట్టుకుని కళ్ళు మూసుకుంది.